ఒక్క పలుకు కోసం ఆగిన ద్రావణం

డిసెంబరు, జనవరి చలికి తేనె సీసా అడుగున తెల్లగా పేరుకోవడం మొదలవుతుంది. కొన్నాళ్లకు సగం సీసా గరుగ్గా గడ్డకడుతుంది. "ఇది కల్తీ సరుకు, చక్కెర పాకం కలిపారు" అని కొన్నవాళ్లు అమ్మినవాళ్లతో గొడవ పడతారు. కానీ పట్టు నుంచి నేరుగా పిండిన స్వచ్ఛమైన తేనె కూడా ఇలాగే గడ్డకడుతుంది. నన్నడిగితే ఆ గడ్డకట్టడంలో వింతేమీ లేదు. అన్ని నెలలు అది ద్రవంగా నిలవడమే వింత.

లెక్క చూడండి. నూరు గ్రాముల తేనెలో నీరు సుమారు 17 గ్రాములు. గ్లూకోజ్ ఒక్కటే 31 గ్రాముల దాకా ఉంటుంది, ఫ్రక్టోజ్ అంతకంటే ఎక్కువ. గది వేడిమి వద్ద 17 గ్రాముల నీరు కరిగించి ఉంచుకోగల గ్లూకోజ్ అందులో దాదాపు సగమే. మిగతా సగం ఎప్పుడో స్ఫటికాలుగా విడిపోయి అడుక్కి చేరి ఉండాలి. "ఇక కరగనంత కరిగాక మిగిలింది అడుగున మిగులుతుంది" అని సంతృప్త ద్రావణం పాఠంలో పిల్లలు చదువుకున్నదీ అదే. మరి తేనె ఆ పాఠాన్ని నెలల తరబడి ఎలా తప్పించుకుంది?

దీనికి జవాబు కళ్లకు కట్టే ప్రయోగం ఒకటి ఉంది. హైస్కూలు ప్రయోగశాలలో చేయవచ్చు. కావలసిన ముఖ్య పదార్థం సోడియం ఎసిటేట్ అనే లవణం. వినెగర్‌లోని ఆమ్లం, వంటసోడా కలిస్తే పుట్టేది అదే.

చూస్తుండగానే రాయి

మొదట చూడటానికి ఏమీ ఉండదు. ఫ్లాస్కులో తేట ద్రవం, అంతే. మెల్లగా వంచితే నీళ్లకంటే కాస్త చిక్కగా కదులుతుంది. టీచరు పళ్లెంలో ఆవగింజంతైనా లేని తెల్లటి పలుకు ఒకటి పెట్టి, దాని మీద ఆ ద్రవాన్ని సన్నటి ధారగా పోస్తారు. ధార పలుకును తాకిన చోటే తెల్లబడి గట్టిపడుతుంది. పోస్తున్న కొద్దీ గడ్డ మీద గడ్డ చేరి చిన్న స్తంభం పైకి లేస్తుంది. చెయ్యి వణక్కుండా పోస్తే బెత్తెడు ఎత్తు దాకా నిలబెట్టవచ్చు.

నాకు మాత్రం రెండో పద్ధతే ఇష్టం. ద్రవాన్ని బీకరులోనే ఉంచి, పైనుంచి ఒక్క పలుకు జారవిడవడం. కళ్లు దగ్గరగా పెట్టి చూస్తే ఆ పలుకు నుంచి సన్నటి తెల్లటి సూదులు అన్ని వైపులకూ పొడుచుకొస్తాయి. ఒక్కో సూది పక్కనుంచి మళ్లీ సూదులు. సెకనుకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఆ తెల్లదనం కిందికి, పక్కలకు పాకుతుంది. తేటగా ఉన్న భాగానికీ తెల్లబడిన భాగానికీ మధ్య అంచు స్పష్టంగా కనిపిస్తుంది, అది కదలడం కూడా కనిపిస్తుంది. కాసేపటికి బీకరు తలకిందులు చేసినా చుక్క కూడా జారదు. అప్పుడు బీకరును పిల్లల చేతికివ్వాలి. వేడిగా తగులుతుంది. నీళ్లు గడ్డకట్టాలంటే చల్లబడాలని చిన్నప్పటి నుంచీ చూసిన పిల్లలు, ఇది గడ్డకట్టి వేడెక్కడమేమిటని తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఈ ద్రవం అంతసేపు ఎందుకు ఊరుకుందో చూడాలి.

మోయలేనంత మోస్తున్న నీళ్లు

నూరు గ్రాముల నీరు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 46 గ్రాముల సోడియం ఎసిటేట్‌ను కరిగించుకుంటుంది. 60 డిగ్రీల వద్ద దాదాపు 139 గ్రాములు. అంటే మూడు రెట్లు. ప్రయోగానికి ఈ లవణాన్నే ఎంచుకోవడానికి కారణం ఈ తేడాయే. వంటింటి ఉప్పుతో ఇది కుదరదు. నూరు గ్రాముల నీటిలో సున్నా డిగ్రీల వద్ద 36 గ్రాముల ఉప్పు కరిగితే, మరిగే నీటిలో కరిగేది 39 గ్రాములే. వేడి చేసినా అది పెద్దగా అదనం కరగదు కాబట్టి చల్లార్చినప్పుడు మిగిలేదీ పెద్దగా ఉండదు. మన తీరం వెంట ఉప్పుమళ్లలో ఉప్పు తీయడానికి నీటిని చల్లార్చకుండా ఎండకు ఆవిరి చేసేది ఇందుకే.

దుకాణంలో దొరికే సోడియం ఎసిటేట్ పలుకులు పొడిగా కనిపించినా వాటి లోపల నీరుంది. ఒక్కో సోడియం, ఎసిటేట్ అయానుల జంటతో మూడేసి నీటి అణువులు స్ఫటికం అల్లికలోనే ఇమిడి ఉంటాయి. 100 గ్రాముల పలుకుల్లో దాదాపు 40 గ్రాములు నీరే! అందుకే వేడి చేస్తే 58 డిగ్రీల వద్ద అవి తమ నీటిలో తామే కరిగిపోతాయి. దానికి మరో 20 గ్రాముల నీరు కలిపామనుకోండి. ఇప్పుడు 60 గ్రాముల నీటిలో 60 గ్రాముల లవణం ఉంది. వేడిగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. 30 డిగ్రీలకు చల్లారాక మాత్రం ఆ నీరు కరిగించి ఉంచుకోగలిగేది 33 గ్రాములకు మించదు. మిగతా 27 గ్రాములు న్యాయంగా బయటపడాలి. పడవు. ఇలా తన శక్తికి మించి కరిగించుకుని ఉన్నదాన్నే అతిసంతృప్త ద్రావణం అంటారు.

మొదటి అడుగు ఎందుకంత కష్టం

ద్రావణంలో అయానులు, నీటి అణువులు క్షణం కుదురుగా ఉండవు, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తిరుగుతుంటాయి. ఆ తొక్కిసలాటలో అప్పుడప్పుడూ నాలుగైదు అయానులు సరిగ్గా స్ఫటికంలో ఉండాల్సిన వరసలోనే కలుస్తాయి. కలిసిన మరుక్షణం విడిపోతాయి. స్ఫటికం లోపల ఉన్న అయానుకు అన్ని వైపులా పొరుగు అయానుల ఆకర్షణ ఉంటుంది, స్థిరంగా ఉంటుంది. అంచున ఉన్నదానికి ఒక వైపు ఆసరా లేదు. మరీ చిన్న ముద్దలో దాదాపు అన్నీ అంచునే ఉంటాయి. లోపలివాటి వల్ల వచ్చే లాభం కంటే అంచు వల్ల వచ్చే నష్టమే ఎక్కువ.

కుంపట్లోంచి ఒక్క నిప్పు కణికను తీసి గచ్చు మీద పెడితే కాసేపటికి నల్లబడి ఆరిపోతుంది. అలాంటివే పది కణికలు కుప్పగా చేరిస్తే మండుతూనే ఉంటాయి. బొగ్గు మారలేదు. ఒంటరి కణికకు వేడి పుట్టే లోపలి భాగం తక్కువ, వేడి పోయే పైభాగం ఎక్కువ. కుప్పకు అది తారుమారైంది. స్ఫటికం విషయంలోనూ ఒక హద్దు పరిమాణం ఉంటుంది. ముద్ద ఆ హద్దు దాటనంత వరకు పెరగడం కంటే కరగడమే దానికి తేలిక. దాటిందా, ఇక వెనక్కి రాదు. వచ్చి చేరిన ప్రతి అయానూ దాన్ని ఇంకా స్థిరంగా చేస్తుంది. సాధారణంగా ఆ హద్దు కొన్ని పదుల నుంచి కొన్ని వందల అణువుల మధ్య ఉంటుంది. వినడానికి చిన్న సంఖ్యే. కానీ అన్ని అణువులు ఒకేసారి, ఒకే వరసలో, యాదృచ్ఛికంగా కలవాలంటే అది అరుదైన సంఘటన. శుభ్రమైన ఫ్లాస్కులో రోజుల తరబడి జరగకపోవచ్చు.

బయటి నుంచి వేసిన పలుకు ఈ కష్టాన్నే తప్పిస్తుంది. అందులో కోట్లకొద్దీ అయానులు ఇప్పటికే వరసగా ఉన్నాయి. హద్దు ఎప్పుడో దాటేసిన ముద్ద అది. ద్రావణంలోవి వచ్చి అంటుకోవడమే మిగిలింది. అందుకే దాన్ని బీజం అంటారు. ధూళి రేణువు, ఫ్లాస్కు గోడ మీద గీత వంటివి కూడా కొంతవరకు సాయపడతాయి, వాటి మీద ఆనుకుంటే ముద్దకు అంచు నష్టం తగ్గుతుంది. కానీ సొంత స్ఫటికానికి సాటి లేదు. పిల్లలతో ముందు ఒక ఉప్పు కల్లు వేయించి చూడండి. సాధారణంగా ఏమీ జరగదు, ఎందుకంటే ఉప్పులో అయానుల అమరిక వేరు. తర్వాత సోడియం ఎసిటేట్ పలుకు వేయించండి.

ఈ సంగతిని మొదట శ్రద్ధగా పరిశీలించినవారిలో ముఖ్యుడు టోబియాస్ లోవిట్జ్. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మందుల తయారీ చేసే రసాయనవేత్త. 1790లలోనే ఆయన అతిసంతృప్త ద్రావణాల్లో బీజాలు వేసి చూశాడు. రెండు లవణాలు కలిసిన ద్రావణంలో ఏ లవణపు పలుకు వేస్తే ఆ లవణం విడిపోవడం గమనించాడు. వినెగర్‌లోని ఎసిటిక్ ఆమ్లాన్ని గడ్డకట్టించి దాదాపు నీరు లేకుండా శుద్ధి చేసినవాడూ ఆయనే. శతాబ్దం తర్వాత, 1897లో, జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ దీన్ని ఇంకా స్పష్టంగా విడదీశాడు. కొంచెం అతిసంతృప్తమైన ద్రావణం బీజం పడేదాకా ఊరుకుంటుంది. మరీ ఎక్కువైతే బీజం లేకుండానే తనంతట తానే స్ఫటికాలు వేస్తుంది. ఈ రెంటికీ మధ్య హద్దు ఉందని చెప్పాడు. త్రాసుకు అందనంత సూక్ష్మమైన బీజం చాలని కూడా చూపించాడు.

ఈ ప్రయోగంలో అందరూ తొందరగా దాటేసే భాగమే నాకు గొప్పదనిపిస్తుంది. అంటే ఏమీ జరగని ఆ గంటలు. ఒక మార్పు జరగడం ప్రకృతికి అనుకూలమా అన్నది ఒక ప్రశ్న. అది ఎప్పుడు, ఎక్కడ మొదలవుతుందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మన పాఠాలు మొదటిదానితోనే ఆగిపోతాయి. ఫ్లాస్కును ఒక రాత్రంతా మూతపెట్టి తరగతిలోనే ఉంచి, మర్నాడు అది అలాగే తేటగా ఉందని పిల్లలకు చూపించి, ఆ తర్వాతే పలుకు వేస్తే రెండో ప్రశ్న వాళ్లలో తనంతట తనే పుడుతుంది.

*
బడిలో చేసి చూడాలంటే

స్ఫటిక రూపంలోని సోడియం ఎసిటేట్ 100 గ్రాములు, నీరు 20 మి.లీ. శుభ్రంగా కడిగిన గాజు ఫ్లాస్కులో వేసి, దాన్ని వేడినీళ్ల గిన్నెలో నిలిపి, ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగించాలి. ఫ్లాస్కు గోడలకు అంటిన పలుకుల్ని కొద్దిపాటి వేడినీటితో కిందికి కడిగేయాలి. సగం ప్రయోగాలు చెడేది ఇక్కడే; గోడ మీద మిగిలిన ఒక్క చుక్క ఎండి పలుకై లోపల పడితే చల్లారుతుండగానే అంతా గడ్డకడుతుంది. వేడిగా ఉన్నప్పుడే మూతపెట్టి, కదపకుండా చల్లార్చాలి. పలుకు వేసినా గడ్డకట్టకపోతే నీరు ఎక్కువైందన్నమాట. మళ్లీ కాచి కొంత ఆవిరి చేయాలి. చెడిన ద్రావణాన్ని పారబోయనక్కర్లేదు, ఎన్నిసార్లయినా కరిగించి వాడుకోవచ్చు.

లవణం కొనలేని చోట తయారు చేసుకోవచ్చు. 5 శాతం వినెగర్ ఒక లీటరుకు వంటసోడా సుమారు 70 గ్రాములు పడుతుంది. కొంచెం కొంచెంగా వేయాలి, బాగా పొంగుతుంది. పొంగు ఆగాక స్టీలు గిన్నెలో మరిగించి, లీటరును దాదాపు 150 మి.లీ.కు తేవాలి. పైన పొర కట్టడం కనిపిస్తే ఆపేయాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు. ఫొటో స్టూడియోలు వాడిన 'హైపో', అంటే సోడియం థయోసల్ఫేట్ దొరికితే ఇంకా సులువు. అది 48 డిగ్రీలకే కరుగుతుంది, చల్లారినా ద్రవంగా నిలుస్తుంది. ఏదైనా సరే కంటికి అద్దాలు పెట్టుకోవాలి, కాచే పని పెద్దవాళ్లే చేయాలి.
*

గడ్డకట్టి వేడెక్కడం

పలుకుల్ని కరిగించడానికి మనం పొయ్యి మీద వేడి ఇచ్చాం. వరసగా ఉన్న అయానుల్ని విడదీయడానికి ఆ వేడి ఖర్చయింది. చల్లార్చినప్పుడు ద్రవం వేడి తగ్గింది కానీ, విడదీయడానికి పెట్టిన ఖర్చు ఇంకా వసూలు కాలేదు. అయానులు మళ్లీ వరసలో కూడేటప్పుడు అది బయటికొస్తుంది. గుప్తోష్ణం అని పుస్తకాల్లో చదివేది ఇదే. మంచు గడ్డకట్టేటప్పుడు కూడా నీటి నుంచి వేడి వస్తుంది. కానీ చుట్టూ ఉన్న చలి దాన్ని లాగేసుకుంటుంది కాబట్టి మనకు తెలియదు. ఇక్కడ చుట్టూ ఉన్నది మామూలు గదే, కాబట్టి చేతికి తెలుస్తుంది.

బీకరులో థర్మామీటరు పెట్టించడం మరిచిపోకూడదు. 30 దగ్గర ఉన్న పాదరసం గబగబా ఎక్కి ఒక చోట ఆగుతుంది. అదనపు నీరు కలపని స్వచ్ఛమైన పలుకులనే కరిగించి ఉంటే అది 58 దాటదు. ఎందుకు దాటదు? 58 దాటితే పుట్టిన స్ఫటికాలే మళ్లీ కరగాలి. గడ్డకట్టడమే వేడిని పుట్టిస్తోంది, ఆ వేడే గడ్డకట్టడాన్ని ఆపుతోంది. నీరు ఎంత ఎక్కువ కలిపితే అంత కిందే ఆగుతుంది.

దీన్నుంచి ఒక ఆశ్చర్యకరమైన సంగతి తేలుతుంది. కిలో లవణం గడ్డకడితే వచ్చే వేడి సుమారు 265 కిలోజౌళ్లు. ఆ కిలోను 30 నుంచి 58 డిగ్రీలకు తేవడానికి అందులో దాదాపు మూడో వంతు చాలు. అంటే కళ్లముందు తెల్లటి అల పాకినప్పుడు గట్టిపడింది ఇంచుమించు మూడో వంతే. మిగతాది ఆ సూదుల మధ్య వేడి ద్రవంగా చిక్కుకుని ఉంది. వేడి బయటికి పోతున్న కొద్దీ అదీ నెమ్మదిగా గడ్డకడుతుంది. అప్పుడే పుట్టిన గడ్డను పుల్లతో గుచ్చితే మెత్తగా, చెమ్మగా దిగుతుంది. గంట తర్వాత పుల్ల దిగదు.

చలి దేశాల్లో జేబులో పెట్టుకునే వేడి సంచీలు పనిచేసేది ఈ సూత్రం మీదే. ప్లాస్టిక్ సంచిలో ఇదే ద్రావణం, లోపల నాణెమంత లోహపు బిళ్ల. బిళ్లను టిక్కుమని నొక్కితే అక్కడి నుంచి గడ్డకట్టడం మొదలై, సంచి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆపైన మరిగే నీళ్లలో వేసి కరిగిస్తే మళ్లీ సిద్ధం. బిళ్లను వంచితే స్ఫటికాలు ఎలా పుడుతున్నాయన్నది చాలాకాలం తేలలేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో రోజర్సన్, కార్డోసో 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం కొత్తగా ఏమీ పుట్టడం లేదు. బిళ్ల మీది సన్నటి పగుళ్లలో ఇరుక్కున్న పాత స్ఫటికపు తునకలు మరిగే నీటి వేడికి కూడా కరగకుండా మిగులుతున్నాయి. బిళ్ల వంగితే పగులు తెరుచుకుని అవి బయటపడుతున్నాయి.

పాకంలో, మబ్బులో, మూత్రపిండంలో

పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండే అలవాటు వెనుక ఉన్నదీ ఇలా పలుకులు కట్టే సమస్యే. ఆ పులుపు చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. అవి అడ్డుపడటంతో చక్కెర పలుకులు కట్టదు. కలకండ చేసేవాళ్లకు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు. చిక్కటి పాకంలో దారాలు వేలాడదీసి, పలుకులు వాటినే పట్టుకుని పెద్దవయ్యేలా చూస్తారు. మబ్బుల్లోని నీటిబిందువులు సున్నా డిగ్రీలకు ఎంతో దిగువన కూడా గడ్డకట్టకుండా ఉండగలవు. వాటికి బీజంగా సిల్వర్ అయొడైడ్ పనికొస్తుందని 1946లో అమెరికాలో బెర్నార్డ్ వానెగట్ కనిపెట్టాడు, దాని స్ఫటిక అల్లిక మంచు అల్లికకు చాలా దగ్గర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాల మీద జరిపిన మేఘమథనానికి మూలం ఈ ఆలోచనే.

మన ఒంట్లో జరిగేది ఇంకా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రం కూడా తరచూ కాల్షియం ఆక్సలేట్ విషయంలో అతిసంతృప్తంగానే ఉంటుంది. అయినా అందరికీ రాళ్లు కట్టవు. సిట్రేట్ వంటి పదార్థాలు, కొన్ని ప్రోటీన్లు స్ఫటికాలను పెరగనివ్వవు. పైగా మూత్రం ఎక్కువసేపు నిలవకుండా కదిలిపోతుంది. మరి కొందరికి ఎక్కడ మొదలవుతోంది? 1937లో అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ రాండల్ మూత్రపిండాల లోపలి కొనల మీద సున్నపు మచ్చలు గుర్తించాడు. అవి కాల్షియం ఫాస్ఫేట్ పొరలు. చాలామందిలో ఆక్సలేట్ రాయి ఆ మచ్చకు అంటుకునే పెరుగుతుంది. నీళ్లు బాగా తాగమని డాక్టర్లు చెప్పడంలో ఉన్న లెక్క, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వస్తే అతిసంతృప్తత తగ్గుతుందని. ఎండల్లో ఆరుబయట పనిచేసే మన కూలీలకు, చెమటగా పోయిన నీటిని వెంటనే తాగి భర్తీ చేసుకునే వీలులేనివాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

మందుల ఫ్యాక్టరీలో ఒక ధూళి

ఒకసారి ఈ ప్రయోగం చేసిన గదిలో మళ్లీ చేయబోతే ద్రావణం మూత తీయగానే గడ్డకట్టవచ్చు. గాల్లో, బల్ల మీద, చేతుల మీద కంటికి కనపడని పలుకులు మిగిలిపోతాయి మరి. పిల్లలకు ఇది సరదా. 1998లో ఎయిడ్స్ రోగులకు ఇదే ప్రాణసంకటమైంది.

హెచ్ఐవీని అదుపు చేసే రిటోనవిర్ మందును అబాట్ కంపెనీ 1996లో అమ్మడం మొదలుపెట్టింది. అప్పటి క్యాప్సూల్ లోపల ఉన్నది మందు కరిగిన చిక్కటి ద్రావణం. రెండేళ్ల తర్వాత కొన్ని క్యాప్సూళ్లు పరీక్షలో సరిగా కరగడం లేదని తేలింది. లోపల అంతవరకు ఎవరూ చూడని కొత్త స్ఫటికాలున్నాయి. అణువు అదే, అల్లిక వేరు. ఈ కొత్త అల్లిక పాతదానికంటే స్థిరమైనది, అందుకే కరిగే గుణం బాగా తక్కువ. అంటే ఆ క్యాప్సూల్లోని ద్రావణం ఈ కొత్త రూపం లెక్కన మొదటి నుంచీ అతిసంతృప్తమే. బీజం పుట్టలేదు కనుక రెండేళ్లు ఊరుకుంది.

ఒకసారి పుట్టాక ఆపడం ఎవరి తరమూ కాలేదు. కొత్త రూపాన్ని చూసిన శాస్త్రవేత్తలు ఇటలీలోని ప్లాంటుకు వెళ్లి వచ్చాక అక్కడా అదే కనిపించింది. క్యాప్సూళ్లు మార్కెట్ నుంచి పోయాయి. రోగులు చేదుగా ఉండే ద్రవరూపం మందుకు మారాల్సి వచ్చింది. ఫ్రిజ్‌లో దాచాల్సిన కొత్త రకం క్యాప్సూల్ 1999లో వచ్చింది, ఫ్రిజ్ అక్కర్లేని మాత్ర రావడానికి 2010 దాకా పట్టింది.

అప్పటి నుంచి కొత్త మందు ఏదైనా ఎన్ని స్ఫటిక రూపాలు తీసుకోగలదో ముందే వెతకడం మందుల పరిశ్రమకు తప్పనిసరి పనైంది. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లలో రియాక్టరు చల్లారుతుండగా, ద్రావణం అతిసంతృప్తమై ఇంకా తనంతట తాను స్ఫటికాలు వేయని ఉష్ణోగ్రత పరిధిలో, కావలసిన రూపానికి చెందిన బీజాన్ని తూచి వేస్తారు. ఎన్ని డిగ్రీల వద్ద, ఎంత బరువు, ఎంత మెత్తని పొడి అన్నది బ్యాచ్ రికార్డులో రాసి ఉంటుంది. వేసిన ఆపరేటరు, చూసిన సూపర్‌వైజరు ఇద్దరూ దాని పక్కన సంతకం పెడతారు.